మొసలి నోరు తెరిచిన పేజీ

పింకీ తన పక్కన కూర్చున్న పిల్లాడి చెవి కొరికింది. రక్తం కాలర్ మీదికి కారేదాకా వదల్లేదు. వచ్చి పిల్లను తీసుకుపొమ్మని టీచర్ సుబ్బలక్ష్మి కబురు పెడితే, మేనమామ ఎల్లేశం పాత సామాను, పేపర్లు కొనే కబాడీ దుకాణం నుంచి మసి చేతులతోనే బడికి వెళ్ళాడు.

"ఇంట్లో ఎవరైనా కొట్టుకుంటారాండీ?" అని అడిగిందామె.

"మా ఇంట్ల గాదు మేడం. ఆళ్ళ నాయిన ఇంట్ల."

"ఇంకోసారి ఇలా జరిగితే నేను ఆపలేనండి, పేరు తీసేస్తారు. రోజూ కాసేపు మెత్తటి కథలు చెప్పండి. జంతువులవి, దేవకన్యలవి. దెబ్బలూ చావులూ లేనివి చూసి ఎంచండి."

నాలుగో తరగతి దాటనివాడికి కథలు ఎంచే పని పడింది. చెల్లెలు కళ్యాణి పింకీనెత్తుకుని మదీనాగూడలో దుకాణం వెనక ఉన్న అతని గదికి వచ్చిన రోజు ఒక్కటే అడిగింది. "అన్నా, ఈడ ఎవ్వల చెయ్యి లేవొద్దు. లేస్తే నేనుండ." అప్పటికి ఆమె ఎడమ కన్ను వాచి మూసుకుపోయి ఉంది. ఆమె మొగుడు భాస్కర్ గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీకి క్యాబ్ నడుపుతాడు. మేడాలకు డోరు తీసి వంగి నమస్తే పెట్టే మనిషి, ఇంటికి రాగానే బెల్టు తీస్తాడు.

పుస్తకాలకేం కొదవ లేదు. తెల్లాపూర్ గేటెడ్ కాలనీల నుంచి బస్తాలకు బస్తాలు వస్తాయి, అంచు కూడా నలగనివి. కొన్నవాళ్ళు విప్పలేదు, ఇంకో పిల్లకు ఇద్దామన్న బుద్ధీ పుట్టలేదు, పాత పేపర్లతో కలిపి తూకానికి వేశారు. చాలావరకు ఇంగ్లీషువి. ఎల్లేశం బొమ్మలు చూసి ఎంచాడు. పళ్ళు బయటపెట్టిన తోడేలు. గొడ్డలి ఎత్తిన రాక్షసుడు. చెట్టుకు కట్టేసిన మేక. కుప్పలో సగం కొట్టుడూ చంపుడే. పిల్లల కోసమని ఇవి రాసినవాళ్ళను వరసగా నిలబెట్టి చెంపలు వాయించాలనిపించింది. చివరికి పడవెక్కి తేనె కోసం పోయే ఎలుగు పిల్ల కథా, రెక్క పోగొట్టుకున్న దేవకన్య కథా మిగిలాయి. వాటిలోనూ భయం బొమ్మలున్న పేజీలు చింపి పారేశాడు.

"ఎలుగు పిల్ల పొద్దుగాల్నే పడవెక్కింది బిడ్డా. నదిల పోతుంది, పోతుంది..." బొమ్మలు చూపిస్తూ చెప్పాడు ఎల్లేశం.

పింకీ వేలు కుట్టు దగ్గర మిగిలిన చిరుగు మీద ఆగింది. "మామా, ఈడ పేజీ లేదు. ఏమైంది?"

"ఏంగాలే. జర నిద్రవోయింది."

"అబద్ధం. ఆళ్ళ నాయిన వచ్చిండు. బెల్టు తీసిండు. బకిల్ దిక్కు కెల్లి కొట్టిండు. ఆళ్ళమ్మ మంచం కిందికి దూరితే జుట్టు వట్టి గుంజిండు."

గొంతులో ఏడుపు లేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. మరి దేవకన్య రెక్క ఏమైందంటే, "ఆళ్ళ నాయిన గ్యాస్ పొయ్యి మీద వెట్టి కాల్చిండు" అంది.

చింపిన ప్రతిచోటా పిల్ల తనకు తెలిసిందే పెట్టుకుంటోంది. మర్నాడు ఎల్లేశం బస్తా బోర్లించి, తాను చింపిన ఎలుగు కథ పేజీని వెతికి తెచ్చి జిగురుతో అంటించాడు. పడవ తిరగబడింది. మొసలి నోరు తెరిచింది, ఎర్రటి నాలుక, రంపంలాంటి పళ్ళు. పింకీ ఆ బొమ్మను కళ్ళార్పకుండా చూసింది. తర్వాతి పేజీలో మొసలి ఎలుగు పిల్లను వీపు మీద మోసుకుని ఒడ్డుకు పోతోంది.

"గింతేనా? కొరకలే?"

"కొరకలే."

"ఆకలి గాదా దానికి?"

"ఎందుకు గాదు? అయినా కొరకలే."

ఆ పేజీని మళ్ళీ మళ్ళీ తీయించుకుంది. ఆ వారం బడి నుంచి కబురు రాలేదు. పింకీ తానే కుప్ప మీద కూర్చుని పుస్తకాలు ఎంచడం మొదలుపెట్టింది. "గిది మంచిది మామా. గిది వద్దు, గీ కుందేలు మొకం చూస్తే కొట్టేటట్టే ఉన్నది."

ఆదివారం మధ్యాహ్నం భాస్కర్ దుకాణం ముందు క్యాబ్ ఆపాడు.

"ఏం బామ్మర్ది, నా బిడ్డను గూడ తూకానికి వెట్టినవా?"

"బావా, మంచిగ జెప్తున్న. పో."

"నా బిడ్డను నాకిస్తే పోత. దీన్ని తీస్కపోతే దాని తల్లి ఎనకనే ఉరికొస్తది."

లోపలికి వచ్చి పింకీ జబ్బ పట్టుకున్నాడు. పింకీ కొరికింది. వాడు చెయ్యి తిప్పి కొట్టిన దెబ్బకు పిల్ల పుస్తకాల మీద పడింది. పెదవి చిట్లింది.

ఎల్లేశం చేతికి ఇనుప రాడ్ అందింది. మొదటి దెబ్బ మణికట్టు మీద. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. భాస్కర్ మోకాళ్ళ మీద కూలి, "చాలు, పోతున్న" అన్నాడు. అక్కడితో ఆగొచ్చు. ఎల్లేశం ఆగలేదు. భుజం మీద, పక్కటెముకల మీద, మళ్ళీ ఆ విరిగిన చేతి మీదే. "మేడాలకు దండాలు వెడ్తవ్! నా చెల్లెను బెల్టుతోటి కొడ్తవ్!" భాస్కర్ పాకుతూ పోతుంటే వీపు మీద కాలు పెట్టి తొక్కాడు. నోట్లోంచి రక్తంతో పాటు పన్ను ఊడిపడింది. కొట్టేకొద్దీ చెయ్యి తేలికవుతోంది. ఇన్నేళ్ళూ ఎవరెవరి ముందో నోరు మూసుకుని నిలబడ్డదంతా ఆ రాడ్‌లోకి దిగింది. హాయిగా ఉంది.

అప్పుడే పనిలోంచి వచ్చిన కళ్యాణి వెనక నుంచి ఉరికి పట్టుకుంది. "అన్నా, ఇడువు! సస్తడు!"

విడిపించుకునే ఊపులో ఎల్లేశం మోచేయి ఆమె దవడకు తగిలింది. గోడకు కొట్టుకుని కూలబడింది.

అప్పుడు ఆగాడు.

పింకీ తల్లి దగ్గరికి నడిచింది. గౌను అంచుతో ఆమె మూతి తుడిచింది. "ఉమ్మెయ్ అమ్మా, రక్తం మింగకు" అంది. ఆరేళ్ళ పిల్ల, ఎన్నోసార్లు చేసిన పనిలా.

పక్క దుకాణం వాళ్ళు భాస్కర్‌ను దవాఖానకు మోసుకుపోయారు. పోలీసులొస్తారని ఎవరో అన్నారు. "రానియ్" అన్నాడు ఎల్లేశం. గదిలోకి వెళ్ళేసరికి కళ్యాణి బట్టలు సర్దుతోంది.

"మీ మంచికే గద కొట్టిన?"

"ఆయన గూడ గదే మాట అంటుండె అన్నా."

"ఆనికీ నాకూ ఫరక్ లేదా? నీకు తాకుతదని నాకెరుకనా?"

"నువ్వు కావాలని కొట్టలే. నాకెరుకే."

సంచి జిప్పు లాగింది. పిల్లను చంకనేసుకుని రోడ్డు మీదికి వచ్చింది. ఎల్లేశం సంచి పట్టుకోబోతే ఇవ్వలేదు. పింకీ అతని వైపు చూడలేదు, తల్లి భుజంలో ముఖం దాచుకుంది. ఆటో ఆగింది.

"యాడికక్కా?"

కళ్యాణి చెప్పబోయింది. పక్కనే నిలబడ్డ అన్నను చూసి ఆగిపోయింది.

"ముందుకు పోనియ్ తమ్మీ. మలుపు దాటినంక జెప్త."