మార్త ఫైలు

మార్త ట్రంకుపెట్టెను హాస్టలు గేటు బయట బురదలో పెట్టించారు. మోసుకొచ్చి పెట్టింది శౌరయ్యే. కాలేజీలో అటెండరు ఉద్యోగం, సూపరింటెండెంటు చెయ్యమన్న పని చెయ్యక తప్పదు. పెట్టె మీద నాలుగు పుస్తకాలు, ఓ చాప చుట్ట. మార్త ఏడవలేదు. చేతిలో టీ.సీ. పట్టుకుని అందులో ఎర్రసిరాతో రాసిన ఒక్క వాక్యాన్నే మళ్లీ మళ్లీ చదువుతోంది. తప్పుడు కుల ధ్రువపత్రంతో చేరినందున పంపివేయడమైనదట. ఆ కాగితం చూసిన ఏ కాలేజీ ఆమెను గడప తొక్కనిస్తుంది? బి.ఏ. ఆఖరి సంవత్సరం. వాళ్ల పేటలో అంతదాకా వచ్చిన మొదటి ఆడపిల్ల.

"బాబాయ్, మా ఊరి గోపాలకృష్ణ గారికి నా ఫైలు ఎలా దొరికింది?" అని అడిగింది.

శౌరయ్య వంగి, విప్పుకుంటున్న చాపను మళ్లీ చుట్టాడు. దొరికేలా చేసింది తనే.

డెబ్బై నాలుగు జూలై అది. వారం కిందట గోపాలకృష్ణ గారు ఆఫీసుకు వచ్చారు. కూచిపూడి అవతల వందల ఎకరాల మాగాణి ఆసామి, కాలేజీ కమిటీలో మెంబరు. భూములకు సీలింగు చట్టం వచ్చాక ఆ పొలాన్ని చచ్చిపోయిన మేనత్త పేరునా, పాలేళ్ల పేరునా రాయించి పెట్టుకున్న పెద్దమనిషి. "ఇశ్రాయేలు కూతురు, మార్త. ఆ పిల్ల ఫైలు చూద్దామండీ" అన్నారు. సూపరింటెండెంటు నాగేశ్వరరావు గారు రిజిస్టరంతా తిరగేశారు. ఆ పేరు లేదు.

"పోనీలెండి. బాగా చదువుతుందని విన్నా. కమిటీ తరఫున ఏదన్నా చేద్దామనుకున్నా" అంటూ లేవబోయారాయన.

కాఫీ గ్లాసులు తీస్తున్న శౌరయ్య ఛాతీ పొంగిపోయింది. గుణదల క్రైస్తవ పేటలో పుట్టి పెరిగిన మనిషి. తమ పిల్లకు కమిటీ ఏదో చేస్తుందంటే నోరు ఊరుకుంటుందా?

"సార్, రికార్డులో ఆ పిల్ల పేరు మహాలక్ష్మండీ. మార్త గుళ్లో పేరండీ. మా వాళ్లకంతేనండీ, బళ్లో ఒకటి, గుళ్లో ఒకటి" అన్నాడు. అంతటితో ఆగలేదు. తనే నిచ్చెనెక్కి ఫైలు దించాడు. భుజం మీది తువ్వాలుతో దుమ్ము తుడిచి మరీ చేతికిచ్చాడు. ఆసామి దాన్ని ఇంటికి పట్టుకుపోయారు.

ఆ మాట డెల్టాలో ప్రతి పేటకూ తెలుసు, ఎవరూ పైకి అనరు. పిల్ల పుడితే ఫాదరు గారు ఒక పేరు పెడతారు. బళ్లో వేసేటప్పుడు మేష్టారు ఇంకో పేరు, హిందూ హరిజన అని రాసుకుంటాడు. క్రైస్తవులమని రాస్తే హరిజన స్కాలర్‌షిప్పు రాదు. ఏసును నమ్మినంత మాత్రాన కాఫీ హోటల్లో వేరే గ్లాసు తప్పిందా? నాట్లలో నడుము విరగడం తప్పిందా? అందుకే మేష్టర్లు జాలిపడి అలా రాసేవాళ్లు. ఆ జాలి అంతా శౌరయ్య ఒక్క మాటతో తీసుకెళ్లి ఆసామి చేతిలో పెట్టాడు.

ఆసామికి ఆ ఫైలు ఇప్పుడే ఎందుకు కావలసి వచ్చిందో మార్తను దిగబెట్టడానికి ఆమెతో బస్సెక్కి పేటకు వెళ్లాక గానీ శౌరయ్యకు తెలియలేదు. కూలి పెంచితేనే నాట్లు వేస్తామని అక్కడి ఆడవాళ్లు చేలోకి దిగడం మానేసి తొమ్మిది రోజులైంది. ఆకుమడుల్లో నారు ముదిరిపోతోంది. వాళ్లందరినీ ఒక్క మాట మీద నిలబెట్టింది ఇశ్రాయేలు.

సాయంత్రం గుడి ముందు జనం చేరారు. ఇశ్రాయేలు లేచాడు. పదిమందిలో గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు తల వంచుకునే మాట్లాడాడు.

"రేపు నాట్లకి దిగితే బిడ్డని మళ్లీ కాలేజీలో చేర్చుకుంటారంట. దిగకపోతే మన పేట నుంచి ఆ కాలేజీలో చదివే మిగతా పదకొండు మంది పేర్లూ ఆసామి తాశీల్దారుకి పంపి సర్టిఫికెట్లు రద్దు చేయిస్తాడంట. ఆ రోజు దిగొద్దని మీకు చెప్పింది నేనే. ఇవాళ మీ కాళ్లు పట్టుకుంటున్నా, దిగుదాం" అంటూ చేతులు జోడించాడు.

ఇద్దరు కొడుకుల్ని ఆ కాలేజీకే పంపిన ఆదెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "దిగుదాంలే అన్నా. కూలి పోతే పోయింది, పిల్లల చదువులన్నా నిలబడతాయి" అంది.

"నిలబడవు పెద్దమ్మా" అంటూ మార్త ముందుకొచ్చింది. "ఇవాళ నా ఫైలు చూపించి నాట్లేయించుకుంటాడు. కోతలప్పుడు నీ కొడుకు ఫైలు తెస్తాడు. నూర్పిళ్లకి జీవరత్నం ఫైలు. మేం చదివినన్నాళ్లూ మీరు నోరెత్తకూడదు. నాన్నా, నా కోసం దిగమంటే నేనే మడికి అడ్డం పడుకుంటా."

ఇశ్రాయేలు కూతురి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. కూతురి చదువు పోయిందని అతనికి అప్పుడు రూఢి అయింది. ఆదెమ్మ కళ్లు తుడుచుకుని "పిల్ల చెప్పిందే నిజం. దిగం" అంది. ఆడవాళ్లంతా "దిగం" అన్నారు.

శౌరయ్య ఇక ఉండబట్టలేకపోయాడు. జనం మధ్యకొచ్చి జరిగిందంతా చెప్పేశాడు. "నీ మెడలో దండేస్తారనుకున్నానమ్మా. ఏసు సాక్షిగా తెలియక చేశాను."

"తెలియక చేశావు గనక నా చదువు తిరిగొస్తుందా బాబాయ్?" అంది మార్త. ఎవరో కొట్టడానికి లేచారు. ఆమే ఆపింది. "కొడితే ఏమొస్తుంది? ఇంకా పదకొండు ఫైళ్లు ఈయన చేతికిందే ఉన్నాయి. వాటినేం చేస్తాడో అడగండి."

మర్నాడు పదిన్నరకు నాగేశ్వరరావు గారు చీటీ ఇచ్చారు. పదకొండు పేర్లు, ఆ ఫైళ్లు దించమని.

"నేను తియ్యనండీ" అన్నాడు శౌరయ్య.

"మతి పోయిందా? ఉద్యోగం ఉండాలా అక్కర్లేదా?"

"ఉండాలండీ. పెళ్లాం ఉంది, పదో తరగతి చదివే కూతురుంది. దాని పేరు కూడా నేనలాగే రాయించానండీ. అయినా తియ్యను." రికార్డు గదికి తాళం వేసి, ఆ తలుపుకే వీపానించి కూర్చున్నాడు.

కబురు క్లాసులకు పాకింది. గంటలో వరండా నిండిపోయింది. మార్త క్లాసుమేటు ఛాయాదేవి, సత్యనారాయణపురం మేష్టారి కూతురు, బల్ల ఎక్కి మాట్లాడింది. వెనక నుంచి ఒకడు అడ్డుపడ్డాడు. "అబద్ధం రాసి స్కాలర్‌షిప్పు తీసుకుంటే తప్పు కాదా?"

"అలాగా! ఆసామి మహాలక్ష్మికో కూలీ, మార్తకో కూలీ ఇస్తున్నాడా?" అంది ఛాయాదేవి. "వంగి నాటేది ఒకే నడుము కాదూ? ఆయన ఎకరాలు ఎవరెవరి పేర్న ఉన్నాయో ఆ ఫైలు మనకి చూపిస్తాడా? మనం చదువుకోడానికని ఇంటి సంగతులన్నీ రాసిచ్చాం. మనల్ని అడక్కుండా ఊరి ఆసామికి చూపించే హక్కు వీళ్లకెవరిచ్చారు?"

"ఫైళ్లు కాలేజీ ఆస్తి!" అని అరిచారు ప్రిన్సిపాలు గారు.

"కాగితాలు మీవేనండీ. అందులో ఉన్న బతుకులు మావి. మా సంతకం లేకుండా ఎవరికీ చూపించబోమని రాసివ్వండి" అంది ఛాయాదేవి.

రాసివ్వలేదు. పోలీసుల్ని పిలిచారు. శౌరయ్యను రెక్క పట్టి లేపేసరికి చొక్కా చిరిగింది. వ్యాను ఎక్కుతూ వెనక్కి చూశాడు. తను లేచిన చోట, తలుపుకు ఆనుకుని, పేట కుర్రాడు జీవరత్నం కూర్చుని ఉన్నాడు. అతని పక్కన ఛాయాదేవి, ఆ వెనక ఇందాక అడ్డుపడిన కుర్రాడు.

"నీ పేరేంట్రా?" అని ఇన్‌స్పెక్టరు గద్దించాడు.

"జీవరత్నం. లోపల ఇంకోటుంది. అది చూడాలంటే నన్నడగాలి."

మూడో రోజు శౌరయ్య భార్య తెరేసమ్మ స్టేషనుకు అన్నం తెచ్చింది. ఉద్యోగం తీసేసినట్టు కాగితం ఇంటికొచ్చిందని చెప్పింది. పిల్లలు తలుపు దగ్గర్నుంచి కదల్లేదనీ, వంతులేసుకుని కూర్చుంటున్నారనీ చెప్పింది. పేటలో ఆసామి దిగొచ్చాడట. ఆకుమడి పాడైతే పంటే పోతుందని భయపడి అడిగిన కూలి ఒప్పుకున్నాడట. నిన్న నాట్లు మొదలయ్యాయి.

"మార్త?"

"నాట్లలోనే ఉంది. మొదటి వరసలో."

కూలి గెలిచింది. ఆ కూలికి వంగి పని చేస్తున్నది బి.ఏ. ఆఖరి సంవత్సరం పిల్ల. శౌరయ్య అన్నం పళ్లెం పక్కన పెట్టి, సెంట్రీ చూస్తున్నాడని కూడా సిగ్గుపడకుండా ఏడ్చాడు.

"నన్ను గురించి ఏమన్నా అందా?" అని అడిగాడు చివరికి.

తెరేసమ్మకు అబద్ధం చెప్పడం చేతకాదు. "నిన్ను క్షమించానని అనలేదయ్యా. పదకొండూ బయటికి పోకుండా ఉన్నాయా అని అడిగింది."

"ఉన్నాయని చెప్పు."

"చెప్పాను. పన్నెండోది, మార్తది, ఇంకా ఆసామి ఇంట్లోనే ఉంది గదా. ఆ ఫైలు వెనక్కి రావాలి, ఆ ఎర్రసిరా కొట్టెయ్యాలి అంటున్నారు పిల్లలు. రేపు పట్నంలో కాలేజీలన్నీ బందు చేయిస్తున్నారంట. పేట నుంచి ఆడాళ్లు కూడా నాట్లు ఆపి వస్తున్నారు."