విచ్చుకునే వేడి

బుడగలమ్మ అని పేరు పెట్టింది అన్నయ్యే. ల్యాబులో ఏం చేస్తావే అని చెల్లెల్ని అడిగితే, "మందుని కంటికి ఆనని బుడగల్లో నింపి, పైన పాలిమర్ పొర కప్పుతాం" అని చెప్పింది. అంతే, ఆ రోజు నుంచి అసలు పేరు అటకెక్కింది. కుట్టు షాపుకి ఎవరొచ్చినా, "మా బుడగలమ్మ, పెద్ద సైంటిస్టు" అని చూపించేవాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. ఆ గడప దాకా తీసుకెళ్ళింది అన్నయ్య తొక్కిన మిషను.

మిషను తొక్కిన కాలికే, తొడలో క్యాన్సర్ గడ్డ లేచింది.

మామూలు మందు ఒకసారి ఎక్కించారు. గడ్డ కాస్త లొంగింది గానీ గుండె బాగా దెబ్బతింది. ఆ మందుకి గడ్డేదో గుండేదో తెలీదు, రక్తం ఎటు తీసుకుపోతే అటు పోయి కాలుస్తుంది. ఇంకోసారి ఎక్కిస్తే గుండె ఆగిపోతుందని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. కాలు తీసేద్దామన్నా మత్తుని ఆ గుండె తట్టుకోలేదు. ఊరుకుంటే గడ్డ పైకి పాకుతుంది.

ఇక మిగిలింది చెల్లెలి బుడగలు. మందు అదే, కానీ ఒళ్ళో స్వేచ్ఛగా తిరగదు. మామూలు ఒంటి వేడికి పైపొర బిగుసుకుని ఉంటుంది. నాలుగు డిగ్రీలు పెరిగితే ఆ పొర ముడుచుకుపోయి, చిల్లులు పడి, లోపలున్నదంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. అందుకని రోగి తొడకి వేడిచేసే పట్టీ కడతారు. బుడగలు ఒళ్ళంతా తిరిగి, ఆ పట్టీ కిందకి వచ్చినప్పుడు మాత్రమే నోరు తెరుస్తాయి. గుండెలోంచి పోయినా నోరు మూసుకునే పోతాయి.

ఆసుపత్రిలో ఇంకా పరీక్షల దశలో ఉన్న ఈ మందుకి అన్నయ్యని తీసుకున్నారు. రోగి తన సొంత అన్న అని ఆమె ముందే చెప్పేసింది కాబట్టి, మందు కలిపే గదిలోనే ఉండాలనీ, వార్డులో అడుగు పెట్టకూడదనీ ఆ పరీక్షలు నడిపే పెద్దాయన షరతు పెట్టాడు. ఆమె తలూపింది. వార్డు లోపల ఆమె చేయాల్సిందేమీ లేదు కదా.

ఆ ఉదయం మందు సీసాని మంచుపెట్టెలో పెట్టి, గోడకున్న చిన్న కిటికీలోంచి నర్సుకి అందించింది. సీసాలో ఎర్రటి మందు. సాయంత్రం దాటితే పనికిరాదు. మళ్ళీ చేయాలంటే వారాలు పడుతుంది, గడ్డ వారాలు ఆగదు.

గ్లవ్స్ తీసి బయటికొచ్చేసరికి, వరండాలో వదిన ఫ్లాస్కు చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

"ఇచ్చేశావా?"

"ఇచ్చేశా. నువ్విక్కడున్నావేంటి వదినా?"

"నర్సు బయటికి పొమ్మంది. ఏదో పట్టీ కడుతున్నారు, ఇక వేడి పెడతారట." చాలా రోజుల తర్వాత వదిన మొహంలో కళ కనిపించింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "వాళ్ళు పెట్టేదేముందిలే. సగం పని మేం ఇంట్లోనే చేసుకొచ్చాం."

"ఏం పని?"

"వేడే! నువ్వు చెప్పలా, వేడి తగిలితేనే మందు విచ్చుకుంటుందని? రాత్రి మీ అన్నకి ఒళ్ళు పెనంలా కాలిపోయింది. నేను గుండెలు బాదుకుంటుంటే ఆయన నవ్వుతాడే! 'పిచ్చిదానా, కావాల్సింది ఇదే, మా చెల్లి మందు కోసం పొయ్యి ముందే రాజుకుంది' అంటాడు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పా. వేడినీళ్ళ సంచి కూడా పెట్టా."

"మరి ఇక్కడ జ్వరం చూశారుగా?"

"చూడకేం! బయల్దేరేముందు మాత్ర వేశాంలే. జ్వరం ఉంటే వెనక్కి పంపేస్తామని డాక్టరమ్మ మొన్ననే చెప్పింది. పైన చల్లబడితే ఏం, లోపల వేడి లోపలే ఉంటుందిగా?"

"డాక్టరమ్మ చెప్పినప్పుడు ఎందుకు వద్దంటోందో అడగలేదా వదినా?"

"ఆవిడేదో గబగబా చెప్పింది. అయినా ఆవిడ మాట ఎందుకు, ఇంటి మనిషివి నువ్వు చెప్పాక?"

నిజమే, చెప్పింది తనే. అన్నయ్య మంచం అంచున కూర్చుని, అతని మొహంలో కాస్త ధైర్యం చూడాలని, 'వేడి తగిలితే విచ్చుకుంటుంది అన్నయ్యా, పువ్వులా' అంది. ఎక్కడి వేడి, ఎంత వేడి, ఒళ్ళంతా కాగితే ఏమవుతుంది, అదంతా చెప్పి భయపెట్టడం ఎందుకని మింగేసింది. మూడేళ్ళుగా ల్యాబులో దశాంశాలు పట్టుకుని కొట్లాడే మనిషి, ఇంటికెళ్ళి పువ్వు అని చెప్పింది.

"వదినా, జ్వరంతో ఒళ్ళంతా కాగితే, నాలుగు డిగ్రీలు పెరగకముందే బుడగలు ఒళ్ళంతా కారిపోతాయి. మాత్ర బలం తగ్గగానే జ్వరం మళ్ళీ లేస్తుంది. అప్పటికి మందు రక్తంలోనే ఉంటుంది. గుండెలో కూడా."

వదిన మొహంలో కళ దీపం ఆర్పినట్టు పోయింది. కానీ మరుక్షణమే మరదలి మణికట్టు గట్టిగా పట్టుకుంది. "చెప్పకు."

"ఏంటి వదినా నువ్వు..."

"చెప్పకమ్మా, నీకు దణ్ణం పెడతా. ఇది ఆపేస్తే ఇంకేముంది మనకి? చెప్పు, ఇంకేముంది? జ్వరం మళ్ళీ రాదేమో. ఎలాగూ పోతాడనే కదా అంటున్నారు, ఉన్న ఒక్క దారీ నువ్వే మూసేస్తావా?"

జ్వరం మళ్ళీ రాదేమో. ఆమె మనసు ఆ మాటని గబుక్కున అందుకుంది. మాత్రలు వేసుకుంటూ ఉంటే? ఒళ్ళు తుడుస్తూ ఉంటే? ఒక్క సాయంత్రం దాకా ఎలాగోలా చల్లగా ఉంచితే? ల్యాబులో ఇలా ఎవరైనా మాట్లాడితే ఆమే నవ్వేది. అవతల నర్సు సూది గుచ్చుతూ ఉంటుంది. నోరు మూసుకుంటే అన్నయ్యకి మందు దక్కుతుంది. నోరు తెరిస్తే దక్కదు. మూసుకుంటే...

చేయి విడిపించుకుని పరుగెత్తింది. వెనక వదిన ఏడుపు గొంతుతో, "నీకు చదువు చెప్పించాడే, మర్చిపోకే!" అని అరిచింది.

వార్డు తలుపు తోసుకుని వెళ్ళేసరికి అన్నయ్య తొడకి పట్టీ కట్టి ఉంది. నర్సు ఎర్రటి మందు సంచి తగిలిస్తోంది.

"ఏమే బుడగలమ్మా! నిన్ను లోపలికి రావద్దన్నారుగా? నీ బుడగలకి దిష్టి తీయడానికొచ్చావా?"

"ఆపండి," అంది నర్సుతో. డాక్టరమ్మ వైపు తిరిగింది. "మేడమ్, రాత్రి ఇతనికి జ్వరం. మాత్ర వేసుకుని వచ్చాడు."

డాక్టరమ్మ మంచం దగ్గరికొచ్చింది. "నిజమేనా?"

"అబ్బే, ఒళ్ళు కాస్త వెచ్చబడిందంతే..." అని చెల్లెలి కళ్ళలోకి చూసి ఆగిపోయాడు. "నిజమే మేడమ్."

నర్సు సంచి దించేసింది. పట్టీ విప్పుతున్న చప్పుడు చరచరా వినిపించింది. అన్నయ్య తిట్టలేదు. గుడ్డంతా కత్తిరించేశాక పొడుగు చాలలేదని తెలిసినవాడిలా చూశాడు.

"నువ్విచ్చిన కొలతకే కత్తిరించానే," అన్నాడు. "వేడి కావాలన్నావుగా."

"జ్వరం దేనివల్లో తెలియాలి. అది పూర్తిగా తగ్గాక చూద్దాం," అంది డాక్టరమ్మ. ఆ 'చూద్దాం' ఎలాంటిదో గదిలో అందరికీ అర్థమైంది.

మధ్యాహ్నానికి జ్వరం లేచింది. మామూలు కంటే రెండున్నర డిగ్రీలు ఎక్కువ. నర్సు చెప్పిన అంకెని మోసుకుంటూ ఆమె ల్యాబుకెళ్ళింది. మిగిలిన మందుని పారేసే ముందు, ఎవరూ అడగకుండానే, నీళ్ళ తొట్టిని సరిగ్గా ఆ వేడికే పెట్టింది. మందు చుక్కలు కొన్ని పలుచటి పొరసంచిలో పోసి, గాజు గ్లాసు నీళ్ళలో వేలాడదీసి, గ్లాసుని తొట్టిలో దించింది. ఆ సంచి రంధ్రాల్లోంచి బుడగలు దూరలేవు, బుడగలు వదిలేసిన మందయితే దూరుతుంది.

తను తప్పుచేశానని తేలితే బాగుండునని కోరుకుంది. ఆ పొర ఈ వేడికి గట్టిగా నిలబడాలని, తను అనవసరంగా ఆపానని తేలాలని, అందరూ తనని తిట్టాలని. అప్పుడు పరుగెత్తుకెళ్ళి డాక్టరమ్మ కాళ్ళు పట్టుకోవచ్చు. ఇంకా సాయంత్రం కాలేదు.

గ్లాసులో నీళ్ళు తేటగానే ఉన్నాయి. చాలాసేపు చూసింది. తర్వాత సంచి అడుగు నుంచి సన్నటి ఎర్రటి నూలుపోగు ఒకటి దిగింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే నీళ్ళన్నీ లేత ఎరుపుకి తిరిగాయి. అన్నయ్య గుండె గుర్తొచ్చి తొట్టి ఆపేసింది.

వార్డుకి తిరిగొచ్చేసరికి అన్నయ్య కళ్ళు మూసుకుని మూలుగుతున్నాడు. వదిన పక్కనే కూర్చుని ఉంది, చేతిలో తడిగుడ్డ. మరదలి మొహం వైపు చూడలేదు. స్టూలు మాత్రం కాలితో కాస్త ఇటు జరిపింది.

"దుప్పటి తీసేయాలా, ఉంచాలా?" అంది గుడ్డని చూస్తూనే. "నీళ్ళు చల్లగా ఉండాలా, మామూలువా? ఈసారి సరిగ్గా చెప్పు."

"దుప్పటి తీసెయ్ వదినా. నీళ్ళు మామూలువి చాలు, మంచునీళ్ళు వద్దు. వణికితే ఇంకా వేడెక్కుతాడు."

"తుడిస్తే ఏమవుతుంది?"

ఆమె స్టూలు మీద కూర్చుంది. "వేడి కాస్త దిగుతుంది," అంది. తర్వాత మిగతాది కూడా చెప్పింది. "జబ్బు తగ్గదు."

వదిన తలూపి, గుడ్డ పిండి, భర్త నుదుటి మీద వేసింది. ఆమె రెండో గుడ్డ తడిపి, మిషను తొక్కిన కాలి పాదం దగ్గర మొదలుపెట్టింది.