వెనక సీటు ఆపరేటరమ్మ

ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి ఇంట్లో ఊరికే ఎలా కూర్చుంటాడు? డ్రైవరూ ఊరికే కూర్చోలేదు. వెళ్ళి యుద్ధవిమానంలో కూర్చున్నాడు.

ఒకప్పుడు కుట్టుమిషను ఉన్న చిన్న గదిలో ఆ విమానం వెలిసింది. తుక్కు కింద పోయిన బస్సులోంచి తెచ్చుకున్న డ్రైవరు సీటు, దాని ముందు పెద్ద తెర, రెండు కాళ్ళ మధ్య విమానాన్ని తిప్పే స్టిక్కు, ఎడమచేతి కింద ఇంజను వేగం పెంచే లివరు. ఎవరైనా దాన్ని కంప్యూటరు ఆట అంటే ఆయనకి ఒళ్ళు మండేది. "ఆట కాదు, సిమ్యులేటరు. అసలు విమానంలో ఏ మీట ఎక్కడుంటుందో ఇందులోనూ అక్కడే ఉంటుంది" అనేవాడు. పొద్దున టిఫిను తిన్న దగ్గర్నుంచి ఆ గదిలోంచి ఇంజను హోరు, మధ్యమధ్యలో ఆయన తిట్లు వినపడుతుండేవి.

ఆయన భార్యని ఆ వీధిలో అందరూ ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై రెండేళ్ళు బోర్డు ముందు కూర్చుని, వెలిగిన బల్బు చూసి ప్లగ్గు పెట్టి, ఈ ఊరి గొంతుని ఆ ఊరి గొంతుతో కలిపిన మనిషి. ఒక చెవితో ఒక లైను వింటూనే రెండో చెవితో ఇంకోటి కనిపెట్టగలదు. తర్వాత మనుషులతో పనిలేని ఎక్స్ఛేంజీలొచ్చాయి. ఆవిణ్ణి తీసుకెళ్ళి ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పన్నెండేళ్ళు అక్కడ జనం చేత మాటలు పడి, రిటైరై ఇంటికొచ్చింది. ఇంట్లో ఏ లోటూ లేదు. కానీ అంత బాగా వినే చెవులకీ, అంత బాగా చూసే కళ్ళకీ పని లేకుండా పోయిందే అని లోపల ఎక్కడో చిన్న వెలితి. పైకి చెప్పుకునేంత పెద్దది కాదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ ఉతికిన బట్టలు మడతపెట్టడానికి ఆ గదిలోకి వెళ్ళింది. డ్రైవరు ఎవర్నో ఏకిపారేస్తున్నాడు.

"మొద్దెదవా! కళ్ళున్నాయా నీకు?"

"ఎవరినండీ?"

"వెనకవాణ్ణి. ఇది రెండు సీట్ల విమానం. ముందువాడు నడుపుతాడు, వెనకవాడు రాడారు చూస్తాడు. మనకి వెనక మనిషి లేడుగా, ఆ పని కంప్యూటరే చేస్తుంది. చేయడానికి దానికి చేతనైతే కదా!"

తెర మూల చిన్న గుండ్రటి రాడారు కనపడుతోంది. అందులో ఆకుపచ్చ గీత ఒకటి అటూ ఇటూ ఊగుతోంది. అది పోయిన దారంతా చుక్కలు. ఆవిడ దుప్పటి చంకలో పెట్టుకుని కాసేపు చూసింది.

"అక్కడ ఇద్దరున్నారు కదండీ. ఒకడి వెనకాల ఒకడు."

"ఒక్కడే. ఈ కంప్యూటరు మొద్దబ్బాయి ఒక్కడే అన్నాడు."

నిమిషం తిరక్కుండా ఆ రెండోవాడు వదిలిన మిస్సైలు వచ్చి వీళ్ళ తోకలో దూరింది. తెర ఎర్రబడి, ఆ వెంటనే నల్లబడింది. డ్రైవరు బస్సు సీటులోనే మెల్లగా వెనక్కి తిరిగాడు.

"నీకెలా తెలిసింది?"

"ఒక బల్బు రెండుసార్లు వెలగడం వేరు, రెండు బల్బులు పక్కపక్కన వెలగడం వేరు. ఆ మాత్రం తేడా తెలీదా నాకు?" అని దుప్పటి మడత పూర్తిచేసి వెళ్ళిపోయింది.

మర్నాటికల్లా బస్సు సీటు వెనక భోజనాల బల్ల తాలూకు కుర్చీ ఒకటి, దాని ముందు రెండో తెర, రెండో హెడ్‌సెట్టు అమిరిపోయాయి. "ఒక్క వారం కూర్చుని చూడు, నచ్చకపోతే మానెయ్యి" అన్నాడాయన. ఆవిడ బతిమాలించుకోలేదు. హెడ్‌సెట్టు చెవులకి తగిలించుకోగానే, ఎప్పుడో వదిలేసిన ఉద్యోగం తలుపు తీసి రమ్మన్నట్టనిపించింది.

రాడారు తొందరగానే మచ్చికైంది. గెయిన్ అనే తిప్పే మీట ఒకటుంది. ఎక్కువ తిప్పితే నేలంతా చుక్కలుగా పొంగి తెర నిండిపోతుంది, తక్కువ తిప్పితే శత్రువు కూడా మాయమైపోతాడు. లైన్లో గరగర తగ్గించి గొంతు మాత్రం మిగుల్చుకోవడం లాంటి పనే అది. యాంటెన్నాని ఎత్తితే పైనున్న విమానాలు, దించితే కిందున్నవి దొరుకుతాయి. దొరికిన చుక్క మీద గురిపెట్టి మీట నొక్కితే రాడారు దాన్ని వదలకుండా పట్టుకుంటుంది. దాన్ని 'లాక్' అనాలని ఆయన నేర్పాడు. ఆవిడ మాత్రం నోటికి అలవాటైనట్టే "లైన్లో ఉన్నారు, మాట్లాడండి" అనేది. ఆయన మిస్సైలుతో మాట్లాడేవాడు.

నెల తిరిగేసరికి ఇద్దరూ ఒక క్లబ్బులో చేరారు. ఆదివారం మధ్యాహ్నాలు పదిమంది ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చుని ఒకే ఆకాశంలో ఎగురుతారు. వాళ్ళ నాయకుడు ఒక పళ్ళ డాక్టరు. నోరు తెరిచినవాళ్ళని కదలకుండా కూర్చోబెట్టడం అలవాటేమో, గొంతులో ఎప్పుడూ తొణకని నెమ్మది. మొదటి ఆదివారమే ఒక సంగతి జరిగింది. శత్రువు ఎడమపక్క నుంచి దూసుకొస్తుంటే ఆవిడ కంగారులో, "ఏమండీ, ఎడమకండీ, ఎడమకి!" అంది. పదిమందికీ వినపడింది. తర్వాత డాక్టరు గొంతు, "ఏమండీగారూ, ఆవిడ చెప్పినట్టు ఎడమకి రండి" అంది. ఆ రోజు నుంచి క్లబ్బులో డ్రైవరు పేరు ఏమండీ అయిపోయింది. పేరు మార్చమని ఆయన రెండు వారాలు పోరాడి, ఎవరూ వినిపించుకోకపోవడంతో ఊరుకున్నాడు.

అయితే అంతా సాఫీగా ఏమీ సాగలేదు. ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టిన మనిషికి వెనకనుంచి వచ్చే మాట చెవికెక్కదు. ఆవిడ ఎడమకి అంటే ఆయనకి కుడిపక్క మేలనిపించేది. ఆవిడ ఇంకా ఎత్తుకి పోదామంటే, "నాకు తెలుసులే" అనేవాడు. ఒక మంగళవారం వరసగా నాలుగుసార్లు కూలిపోయారు. నాలుగుసార్లూ ఆవిడ ముందే చెప్పింది.

"బస్సులో వెనకనుంచి అరిచిన ప్రతివాడి మాటా విన్నానా నేను? వినుంటే బస్సు ఊరు దాటేదా?" అన్నాడాయన.

ఆవిడ హెడ్‌సెట్టు తీసి, తీగ చుట్టి, బల్ల మీద పెట్టి బయటికొచ్చేసింది. ఫిర్యాదుల బల్ల దగ్గర కూడా ఎవరూ ఆవిడ మాట వినలేదు. కానీ వాళ్ళు అరవడానికి వచ్చినవాళ్ళు, వినడానికి వచ్చినవాళ్ళు కాదు. ఈయన పిలిచి మరీ కూర్చోబెట్టాడు. అదే ఆవిడకి గుచ్చుకుంది.

మూడు రోజులు ఆయన మొద్దబ్బాయితోనే ఎగిరాడు. మూడు రోజులూ గదిలోంచి పేలుళ్ళే పేలుళ్ళు. శనివారం పొద్దున వంటింట్లోకొచ్చి, అడక్కుండానే కత్తి తీసుకుని చిక్కుళ్ళు తరగడం మొదలుపెట్టాడు. ముక్కలు ఒకటి చిటికెన వేలంత, ఒకటి గోరంత వస్తున్నాయి.

"కోపం పోలేదా?" అన్నాడు చివరికి.

"కండక్టరు మాట వినేవారుగా మీరు?" అందావిడ.

"కండక్టరుది మాట కాదు, గంట. ఒక గంట కొడితే ఆపాలి, రెండు కొడితే పోనివ్వాలి. ఎందుకు కొట్టావని అడగం. ఎవరు దిగుతున్నారో, ఎవరి కాలు మెట్టు మీదుందో వాడికి కనపడుతుంది, నాకు కనపడదు."

చెప్పేశాక, తాను ఏం చెప్పాడో ఆయనకే తట్టింది. కత్తి ఆగింది.

"నేనూ అంతే. నాకు కనపడేది మీకు కనపడదు. 'ఆగు' అంటే ఆగాలి, 'పోనీ' అంటే పోనివ్వాలి. ఎందుకని తర్వాత అడగండి, ఎంతసేపైనా చెబుతాను."

"ఆగు, పోనీయా? పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళకి నన్ను ఏకవచనంలో పిలుస్తావా?"

"గాల్లోనే లెండి. నేలమీద మీరు మీరే."

ఆయన పడీపడీ నవ్వాడు. మర్నాడు ఆదివారం, ఇంకో క్లబ్బుతో పెద్ద పోటీ.

పోటీలో పని ఇదీ. నది పక్కన ఒక ఊరు. ఆ ఊరి అంచున, వచ్చిన విమానాన్నల్లా మిస్సైలుతో కూల్చే బండి ఒకటి దాక్కుని ఉంది. దాన్ని డ్రైవరూ ఆపరేటరమ్మా పేల్చేస్తే, మిగతావాళ్ళు నిశ్చింతగా వంతెన దాకా వెళ్ళొచ్చు. కానీ ఆ ఊళ్ళో మామూలు జనం బండ్లూ ఉంటాయి. వాటిలో దేన్ని కొట్టినా మొత్తం జట్టు ఓడినట్టే.

"వాటిల్లో మనుషులుంటారా?" అని ఆవిడ ముందే అడిగింది.

"ఉత్త బొమ్మలే" అన్నాడాయన.

"బొమ్మలైనా చూసే కొట్టాలి" అంది.

ఈసారి చూడాల్సింది రాడారు కాదు, విమానం పొట్ట కింద వేలాడే కెమెరా. అది వేడిని చూస్తుంది. వేడెక్కింది తెల్లగా, చల్లగా ఉన్నది నల్లగా కనపడుతుంది. అందులోంచే లక్ష్యం మీద లేజరు వేస్తే, బాంబు ఆ వెలుగుని పట్టుకుని దిగుతుంది. బాంబు పడేదాకా లేజరు చెదరకూడదు. విమానం మరీ ఒరిగితే దాని ఒళ్ళే కెమెరాకి అడ్డొస్తుంది, లేజరు తప్పిపోతుంది.

నది వంపు దగ్గర మూడు బండ్లు తెల్లగా మెరిశాయి. పొడుగాటివి, ఇంజన్లు వేడిగా ఉన్నాయి.

"మన బండి వాటిల్లోనే ఉంది! దొరికింది!" డ్రైవరు బొటనవేలు బాంబు మీట మీదికి వెళ్ళిపోయింది.

ఆవిడ కెమెరాని ఇంకా దగ్గరికి లాగింది. మూడు బండ్లూ రోడ్డు మీద బారుగా, సమానమైన ఎడంతో నిలబడున్నాయి. దాక్కోవాల్సిన బండి రోడ్డు నడిమధ్య ఎందుకుంటుంది?

"ఆగు!"

ఆయన వేలు గాల్లోనే ఉండిపోయింది. కింద కొండ మీది శత్రువుల తుపాకులు పేలడం మొదలైంది, తెర అంతా నిప్పురవ్వలు. డాక్టరు గొంతు, "ఏమండీగారూ, మా దగ్గర పెట్రోలు ఎక్కువ లేదు. ఏమైంది?" అంది.

"ఆపరేటరు ఆగమంది. ఆగాను" అన్నాడు డ్రైవరు. ఎందుకని అడగలేదు. విమానాన్ని పైకెత్తి ఊరిని చుట్టివచ్చాడు.

రెండోపక్క నుంచి చూస్తే బండ్ల మీద పెద్ద ప్లస్ గుర్తులు. అంబులెన్సులు. ఆపరేటరమ్మ మెల్లగా కెమెరాని రోడ్డు పక్క చెట్లలోకి జరిపింది. నల్లటి ఆకుల మధ్య అరచేయంత తెలుపు. అంతా దాచుకుని, వేడెక్కిన ఇంజను మాత్రం దాచుకోలేకపోయిన బండి. దాని వీపు మీద నాలుగు మిస్సైళ్ళు పడుకుని ఉన్నాయి.

"లైన్లో ఉన్నారు" అంది. "పోనీ."

బాంబు జారింది. ఆవిడ గట్టిగా లెక్కపెట్టసాగింది. ఇరవై రెండు, ఇరవై ఒకటి... ఎడమనుంచి తుపాకీ గుండ్లు లేచాయి. ఎవరైనా గభాలున విమానాన్ని పల్టీ కొట్టించేవాళ్ళే. డ్రైవరు అలా చేయలేదు. కిక్కిరిసిన బస్సులో చంటిపిల్లతో నిలబడ్డ తల్లి తూలిపోకుండా మలుపు తిప్పినట్టు, ఒదిగి ఒదిగి తిప్పాడు. ఆవిడ లేజరు చెట్ల మధ్య ఆ తెల్లటి మచ్చ మీంచి వెంట్రుకవాసి కదల్లేదు. మూడు, రెండు, ఒకటి. చెట్లు తెల్లగా వెలిగిపోయాయి. పక్కనే ఉన్న మూడు అంబులెన్సులూ చెక్కుచెదరలేదు.

హెడ్‌సెట్టులో అందరూ ఒక్కసారే అరిచారు. ఎవరేమన్నారో ఆపరేటరమ్మకి విడివిడిగా వినపడింది. తొమ్మిది గొంతులు, తొమ్మిదీ సంతోషంగా ఉన్నవే.

వంతెన మాత్రం పూర్తిగా కూలలేదు. ఒకాయన తొందరపడి నదిలో దిగబడ్డాడు, ఇంకొకాయనకి పెట్రోలు అయిపోయింది. రెండు పాయింట్ల తేడాతో క్లబ్బు ఓడింది. అయినా ఎవరికీ పెద్ద బాధ కలగలేదు. తిరుగుదారిలో డ్రైవరు విమానాన్ని రన్‌వే మీద కుదుపు లేకుండా దించి, వెనక్కి తిరిగి, "ఇప్పుడు చెప్పు. ఎందుకు ఆగమన్నావు?" అన్నాడు. ఆవిడ అరగంట చెప్పింది. ఆయన అరగంటా విన్నాడు. మధ్యలో లేచి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చి మరీ విన్నాడు.

ఆ సాయంత్రమే అవతలి క్లబ్బువాళ్ళు డాక్టరుకి కబురుపెట్టారు. మీ ఆపరేటరమ్మగారు మావాళ్ళకి వెనక సీటు పని నేర్పుతారా అని. డ్రైవరుకి లోపల కాస్త బెంగ పట్టుకుంది. "వాళ్ళకెందుకు నేర్పడం? రేపు మన మీదికే వస్తారు" అన్నాడు. ఆవిడ వినలేదు. శనివారం మధ్యాహ్నాలు రెండు గంటలు ఇస్తానంది.

మొదటి శనివారం పదకొండుమంది లైన్లోకి వచ్చారు. అందులో ఒక పోస్టుమాస్టరు, ఇద్దరు నర్సులు, ఒక తోటమాలి. ఆవిడ హెడ్‌సెట్టు సర్దుకుని, ఒక్కొక్కరినీ పలకరించి, ఎవరి గొంతు ఎవరిదో ఒక్కసారికే గుర్తుపెట్టుకుంది. తెర మీద పన్నెండో పేరు కూడా ఉండటం చూసి ఆశ్చర్యపోయింది. పక్కగదిలోంచి పాత కంప్యూటరుతో చేరిన మనిషి.

"మేడం, నాకొకటి దొరికింది. పెద్ద విమానం. బాంబరులా ఉంది. లాక్ చేశాను" అన్నాడు ఏమండీ, గొంతులో గర్వం దాచుకోలేక.

ఆపరేటరమ్మ ఆయన తెరని తన తెర మీదికి తెచ్చుకుని చూసింది. నవ్వు ఆపుకుంది.

"గెయిన్ తగ్గించండి. అది కొండ."