శూన్యాంశ దోషం

నాకు చెవి లేదన్నది మా ఇంట్లోనూ, వీధిలోనూ, రెండు వైపుల బంధువుల్లోనూ అందరూ నమ్మే మాట. వినపడదని కాదు, శ్రుతి తెలియదని. పాశ్చాత్య సంగీతం నేర్పే వయొలిన్ మాష్టారి భార్యకే శ్రుతి తెలియకపోవడంలో ఒక తమాషా ఉంది కాబట్టి ముప్పయ్యారేళ్ళయినా ఆ మాట ఎవరి నోటా పాతబడలేదు. కొత్తగా చేరిన శిష్యుల తల్లులకు మంచినీళ్ళ కన్నా ముందు ఆ కబురే అందేది. ఆధారం లేనిదే దేన్నీ నమ్మకూడదని కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఆడపిల్లలకు చెప్పిన నేను, ఈ ఒక్క మాటనూ ఆధారం అడగకుండా నమ్మాను.

ఆ ఆదివారం ఉదయం శిష్యుల వయొలిన్లు తుడుస్తున్నాను. కమానుకు రుద్దే బంక పొడి తీగల కింద తెల్లగా పేరుకుంటుంది. మెత్తటి గుడ్డతో దాన్ని తీయడం, తెగిన తీగలు మార్చడం, కుర్చీలు వేయడం, పాఠం అయ్యాక కుర్చీలు తీయడం నా పనులు. ఉద్యోగం చేసిన రోజుల్లోనూ నావే. తీగలను శ్రుతి చేయడం మాత్రం నాకు నిషేధం. పక్క గదిలో మా ఆయనా, కోడలూ కలిసి వాయిస్తున్నారు. రెండు నిమిషాలు కూడా గడవకుండానే ఆయన కమానుతో బల్లమీద కొట్టారు.

"ఆపమ్మా, ఆపు. అచ్చం మీ అత్తయ్య చెవులే నీకూ. రక్తసంబంధం లేకపోయినా ఎలా వచ్చాయో మరి!"

ముందు గదిలోంచి మా అబ్బాయి నవ్వు వినపడింది. "నాన్నగారు చెప్పారంటే ఇక అంతే. తిరుగులేదు."

కోడలు వయొలిన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చి కూర్చుంది. రక్తపరీక్షలు చేసే చోట ఆమె ఉద్యోగం. రెండేళ్ళుగా ఇంటిల్లిపాదికీ వంట చేసి, డ్యూటీకి వెళ్ళబోయే ముందు అరగంట మిగుల్చుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కడో ఉన్న ఒక టీచరు దగ్గర నేర్చుకుంటోంది. ఆ అరగంటా ఎలా మిగులుతుందో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

"ఇక మానేస్తాను అత్తయ్యా. ఎవరికైనా ఇచ్చేద్దాం. ఈ పెట్టె ఊరికే చోటు తింటోంది."

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. పెళ్ళయిన మూడో నెలలో నేనూ ఇంచుమించు ఆ మాటే అన్నాను. నేనూ పన్నెండేళ్ళు నేర్చుకున్నదాన్నే. మొదటి జీతంతో కొనుక్కున్న, కొడితే ఒకే శ్రుతి పలికే ఉక్కు శ్రుతిదండం మీటి, దానికి నా వయొలిన్ కలుపుకుని, ఈ ఇంట్లో మొదటిసారి ఆయన పక్కన కూర్చున్నాను. రెండు వయొలిన్ల నాదం కలవలేదు. మధ్యలో ఏదో వణుకు. ఆయన తన తండ్రి ఇచ్చిన శ్రుతిపీక ఊది చూపించారు. ఊదితే రెండో తీగ శ్రుతి పలికే చిన్న ఇత్తడి పీక అది, ఈ ఇంట్లో తిరుగులేని ప్రమాణం. "నీది పైకి పోయింది, వినపడటం లేదూ?" అన్నారు. అత్తగారు కూరగాయలు తరుగుతూనే, "పోనీలేరా, ఇంటికి ఒకరికి చెవులుంటే చాలు. దానికి చేతులున్నాయిగా" అన్నారు. అందరూ నవ్వారు, నేను కూడా. ఆ నవ్వే నా ఒప్పుకోలయింది. ఆ తరవాత కళాశాలలో శబ్దం పాఠం వచ్చినప్పుడల్లా ప్రయోగం నా చేత అమర్పించి, వివరించే పని ఇంకొకరికి ఇచ్చేవారు. "మీకు శ్రుతి కష్టం కదండీ" అని మా విభాగాధిపతి సానుభూతిగా అనేవారు. ఇంటి మాట ఉద్యోగం దాకా నడిచి వచ్చిందన్నమాట. నా వయొలిన్ ఆయన మేనకోడలికి వెళ్ళింది. అక్కడినుంచి ఎక్కడికి వెళ్ళిందో నేను అడగలేదు.

"నువ్వు ఏ శ్రుతికి కలుపుతావు?" అని కోడలిని అడిగాను.

"మా టీచరు ఇచ్చిన శ్రుతికే. ఆయన బాగానే ఉందంటారు. మామయ్యగారితో కూర్చుంటేనే చెడుతోంది."

ఒకే వయొలిన్ ఒక చోట సరిపోయి ఇంకో చోట చెడుతుంటే ముందు అనుమానించవలసింది వయొలిన్‌ను కాదు. ఏ కొలత పరికరాన్నయినా వాడే ముందు అది సున్నా దగ్గర సున్నానే చూపుతోందా అని పరీక్షించాలి. చూపకపోతే దాన్ని శూన్యాంశ దోషం అంటాం. పదిహేడేళ్ళ పిల్లలకు మొదటి తరగతిలోనే చెప్పే విషయం ఇది. ఎన్ని వేలమందికి చెప్పానో.

"ఎవరికీ ఇవ్వకు. ముందు శ్రుతి ఎంత తేడా ఉందో ముల్లుతో చూపే ట్యూనర్ ఒకటి కొందాం, పద."

మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "కళ్ళు లేనివాళ్ళకు కర్ర, చెవులు లేనివాళ్ళకు ట్యూనర్. అత్తాకోడళ్ళిద్దరికీ ఒకటి సరిపోతుందా, రెండు కావాలా?"

దుకాణంలో బట్టల పిన్నులా తగిలించే ట్యూనర్లు మూడు రకాలు ఉన్నాయి. తగిలించిన చెక్క కంపనాన్నే తీసుకుంటాయి కాబట్టి చుట్టూ ఎంత గోల ఉన్నా వాటికి పట్టదు. చేతిసంచీలోంచి నా శ్రుతిదండం తీశాను. సెకనుకు నాలుగు వందల నలభై కంపనాలు, వయొలిన్ రెండో తీగకు లోకమంతా వాడే శ్రుతి. ఒక్కో ట్యూనర్‌ను ఒక చెక్క పలకకు తగిలించి, దండాన్ని మోకాలిమీద కొట్టి, కాడను పలకకు ఆనించి, పదేసి సార్లు చూశాను. దుకాణదారు చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, తమరు కొంటున్నది ట్యూనరేనా? బంగారాన్ని కూడా ఇంత గీసి చూడరు."

"బంగారం తప్పయితే డబ్బే పోతుంది నాయనా."

మొదటిదాని ముల్లు ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగింది. రెండోది పదిసార్లూ మూడు భాగాలు ఎక్కువ చూపింది. ఒక స్వరానికీ పక్క స్వరానికీ మధ్య దూరాన్ని వంద చేస్తే అందులో మూడు. ఊగేదాన్ని ఎవరైనా అనుమానిస్తారు. ఎప్పుడూ ఒకే తప్పును తొణక్కుండా చెప్పేదాన్ని మాత్రం నమ్మాలనిపిస్తుంది. మూడోది పదిసార్లూ నడి గీత మీదే నిలిచింది. అదే కొన్నాను.

ఇంటికి రాగానే కోడలు తన రెండో తీగ మీటింది. ముల్లు నిటారుగా నిలబడింది. "మీ వయొలిన్‌కు కూడా ఒకసారి పెట్టండి మామయ్యా" అంది. ఆయన నవ్వుతూనే పీక ఊది, బిరడా తిప్పి, పీకకు సరిగ్గా కలిపి ఇచ్చారు. ముల్లు ఎడమకు వాలింది. ఇరవై ఎనిమిది భాగాలు తక్కువ.

"యంత్రం పాడైంది" అన్నారు. నేను శ్రుతిదండం మీటి ఆయన చెవి దగ్గర పెట్టాను. "ఇదీ పాడైందే" అన్నారు. కానీ ఈసారి గొంతు తగ్గింది. పీకలోని రేకు దుమ్ముతో, వాడకంతో ఏ కాలంలో కుంగిందో ఎవరికి తెలుసు? బయట పోటీలకు వెళ్ళిన శిష్యులు శ్రుతి కలవక ఏడుస్తూ తిరిగివస్తే, అక్కడివాళ్ళకు చెవుల్లేవని ఓదార్చి పంపిన ఇల్లు ఇది.

"అత్తయ్యా, అయితే ఇన్నేళ్ళూ మీరే..." అని కోడలు నా చెయ్యి పట్టుకుంది.

"తొందరపడకు. పీక తప్పని తేలింది. అంతమాత్రాన నా చెవి ఒప్పని తేలదు. అది వేరే పరీక్ష."

"అయితే ఆ పరీక్షా చేద్దాం."

ముప్పయ్యారేళ్ళ తరవాత వయొలిన్ నా భుజం మీదికి వచ్చింది. గడ్డం కింద ఆ చోటు ఇంకా దానికోసం ఖాళీగానే ఉంది. అది తెలియగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. కోడలు తన వయొలిన్ బిరడాలన్నీ వదులు చేసి ఇచ్చింది. ట్యూనర్ ముఖం ఆమె వైపు తిప్పాను, నాకు కనపడకుండా. రెండో తీగను శ్రుతిదండానికి కలిపాను. దాన్ని ఆధారం చేసుకుని తక్కిన మూడింటినీ పక్క తీగతో జతగా పలికిస్తూ, మధ్యలో వణుకులా కొట్టుకునే అల నెమ్మదించి పూర్తిగా ఆగేవరకూ బిరడాలు తిప్పాను. కమాను దించి, "చదువు" అన్నాను.

"రెండో తీగ సున్నా. మొదటిది..." ఆమె గొంతు తగ్గింది. "రెండు ఎక్కువ. మూడోది రెండు తక్కువ. నాలుగోది నాలుగు తక్కువ, అత్తయ్యా."

మా ఆయన ముఖంలోకి ప్రాణం తిరిగి వచ్చింది. "చూశావా? నాలుగింట్లో మూడు తప్పు!"

"ఈ వయొలిన్ ఎవరికీ ఇవ్వడం లేదు," అన్నాను కోడలితో. "పొద్దున వంట ఇకనుంచి మగవాళ్ళు చూసుకుంటారు. నీ అరగంట గంట చేసుకో. సాయంత్రం నాకొక గంట ఇవ్వు." తరవాత ఒక కాగితం తీసుకుని ఆమెకు లెక్క వేసి చూపించాను. ట్యూనర్ స్వరాలన్నిటినీ సమానంగా పంచుతుంది. దాని ప్రకారం తీగకూ తీగకూ మధ్య దూరం ఏడు వందల భాగాలు. కానీ రెండు తీగలు చెవికి నిజంగా కలిసి, మధ్యలో అల పూర్తిగా ఆగిపోయే దూరం ఏడు వందల రెండు. రెండో తీగ దగ్గర బయలుదేరి, పైకి ఒక మెట్టు, కిందికి రెండు మెట్లు, చెవి ఒక్కదాన్నే నమ్ముకుని, ఎక్కడా పొరపాటు చేయని మనిషికి రావలసిన అంకెలు రెండు ఎక్కువ, రెండు తక్కువ, నాలుగు తక్కువ.