బామ్మర్దికి చెప్పిన సినిమా

చేతిలో ఉన్నవల్లా రెండు టికెట్లు, మడిచిన తెల్లకర్ర, బామ్మర్ది మోచెయ్యి, ఈ సరుకుతో రెండు గంటలు ఎలా గట్టెక్కుతానో అనుకుంటూ మెట్లు లెక్కపెట్టి చెబుతున్నాడు బొమ్మల వ్యాపారి, ఇంకో నాలుగున్నాయి, ఇంకో మూడు, ఎప్పుడూ తమ్ముణ్ణి సినిమాకు తీసుకొచ్చేది భార్యే, ఇవాళ ఆవిడకు మోకాలు వాచింది, మీరు వెళ్తే అరిగిపోతారా అంది, నేనా, ఆ రబ్బరు తొడుగుల కుస్తీకా అన్నాడు తను, ముప్ఫై ఏళ్లు ఆ పెద్దోడి బొమ్మలమ్మే ఇల్లు కట్టారు, ఒక్కసారి వాడి ముఖం చూసిరండి అంది, దాంతో చెప్పులేసుకున్నాడు, నిజమే మరి, మేడలంత ఎత్తుండే ఆ నీలిరంగు జపాన్ సినిమా వీరుణ్ణి దుకాణంలో అందరూ పెద్దోడనే పిలిచేవాళ్లు, చెయ్యి ఊడితే జిగురు, రంగు పోతే తగ్గింపు, తనకు వాడితో పరిచయం అంతవరకే, తెర మీద ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు, కూర్చున్నావా, ఆ, కూర్చున్నా బావా, నీ చొక్కా పట్టుకుంటా, చిరగదుగా, మాటలు మన భాషలోకి మార్చారట, అవి నేను వింటా, మాటల్లేనప్పుడు నువ్వు చెప్పు, ఏం కనిపిస్తే అది, సొంత కవిత్వం వద్దు.

దీపాలు ఆరాయి, బామ్మర్దికి ఆరడం తెలియదు, చక్కెర జబ్బు ఆ రెండు కళ్లనూ తినేసి నాలుగేళ్లయింది, అయినా గాలిలో ఏదో పసిగట్టినట్టు నిటారుగా కూర్చున్నాడు, ఓడరేవు, అన్నాడు వ్యాపారి, క్రేన్లు, ఒక గుమాస్తా, సన్నగా ఉన్నాడు, గుండెల నిండా గాలి పీలుస్తున్నాడు, పెద్దోడయ్యాడు, ఎలా అయ్యాడో చెప్పవేం, ఎలా ఏముంది, ముందు చిన్నగా ఉన్నాడు, ఇప్పుడు పెద్దగా ఉన్నాడు, వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు, బావా, నువ్వు చీటీ చదువుతున్నావా, సినిమా చూస్తున్నావా, సరేరా, నీలం, మన పాత సరుకు కంటే ముదురు, పాదం మోపితే పడవలన్నీ ఒక్కసారి ఎగిరి పడ్డాయి, వీపు మీద జిప్పు కనిపిస్తోంది, జిప్పు చూడకు బావా, అది చూసినవాడికి ఇంకేం కనపడదు, అంటూ బామ్మర్ది ఊపిరి బిగబట్టాడు, ఆ గుమాస్తా ఊపిరి బిగబట్టినంతసేపే పెద్దోడు నిలబడగలడట, ఒక్కో దెబ్బకూ పక్కసీట్లో ఈ అరవయ్యేళ్లవాడు బుగ్గలుబ్బించి కూర్చుంటున్నాడు, నవ్వొచ్చింది, నవ్వు సగంలోనే ఆగింది, ఎందుకంటే నీళ్లు చీల్చుకుంటూ రాకాసి లేచింది, ముళ్లతోక, పొలుసుల మెడ, అదే, నలభై పెట్టెల్లో నిండి ఉండేది అదే.

రాకాసి ఎలా ఉంది బావా, పెద్దగా ఉంది, అది సరే, కళ్లు, కళ్లు చెప్పు, వాడు అప్పుడూ ఇలాగే ఆ బొమ్మ కళ్ల గురించే చెప్పేవాడు, ఇద్దరూ భాగస్తులుగా ఉన్న రోజుల్లో, పెద్దోడొక్కణ్ణే తెప్పిద్దాం, వాడే అమ్ముడవుతాడు అని తనంటే, రాకాసి లేకపోతే పెద్దోడు ఎవరితో కొట్టుకుంటాడు బావా, పిల్లలు ఒక్క బొమ్మతో ఏం ఆడతారు అని పట్టుబట్టి నలభై పెట్టెలు దించాడు, కొన్నవాడు లేడు, గోదాములో సగం మేర అవే, తొక్కుకుంటూ తిరగాలి, వాడు మూడు రోజులు పెళ్లికి వెళ్లాడు, తను పాత రబ్బరు కరిగించేవాడి బండిని పిలిచాడు, తూకానికి ఇచ్చేశాడు, చెప్పుల అడుగులకు పోయాయి, పోతే పోయాయి, వ్యాపారంలో అది తప్పు కాదు, ఎవరైనా అదే చేస్తారు, కానీ బండి వెళ్లాక పంపు దగ్గర్నుంచి తనే బకెట్లు మోసి గోదాము నేలంతా తడిపాడే, అది ఏ వ్యాపారం, వాన కొట్టి నీళ్లొచ్చాయిరా, అన్నీ పాడైపోయాయి, పారేయాల్సొచ్చింది అన్నాడు, వాడికప్పుడు కళ్లు బాగానే ఉన్నాయి, వంగి తడినేలను అరచేత్తో తాకాడు, తనవైపు చూసి, అయ్యో, ఒక్కడివే ఎన్ని తిప్పలు పడ్డావో బావా అన్నాడు, తిట్టినా బాగుండేది, ఆ నెలలోనే నాకు ఈ బేరాలు అచ్చిరావులే అని దుకాణం వదిలి రేడియోలు బాగుచేసుకుంటూ బతికాడు, ఇరవై రెండేళ్లు.

బావా, ఏమైంది, హాలంతా చప్పుడు ఆగిపోయింది, చెప్పు, తెర మీద పెద్దోడు వంతెన మీద కూలిపోయాడు, కదలడం లేదు, చొక్కా పట్టుకున్న వేళ్లు బిగుసుకున్నాయి, ఈ మనిషికి ఇప్పుడు ఏం కావాలో తనకు తెలుసు, ఎదుటివాడికి ఏం కావాలో అదే చెప్పడం ముప్ఫై ఏళ్ల అలవాటు, లేస్తున్నాడురా, అన్నాడు, మోకాలి మీద లేచాడు, లేచి నిలబడ్డాడు, బామ్మర్ది తల అడ్డంగా ఊపాడు, లేస్తే బాకా మోగాలి బావా, ప్రతిసారీ మోగుతుంది, మోగలేదు.

పడే ఉన్నాడురా, అన్నాడు వ్యాపారి మెల్లగా, ముఖం నీళ్లలో ఉంది, ఒక చెయ్యి వంతెన మీంచి వేలాడుతోంది, మరి రాకాసి, కూర్చుంది, కూర్చుందా, అవునురా, పెద్దోడి పక్కనే, తోక తన చుట్టూ చుట్టుకుని, వాడి భుజాన్ని ముక్కుతో నెడుతోంది, లేవడం లేదు, మళ్లీ నెట్టింది, కళ్లు తడిగా ఉన్నాయి, పసుప్పచ్చగా, తప్పిపోయిన పిల్ల కళ్లలా, అబద్ధం కాదురా, అలాగే ఉన్నాయి, తెలుస్తోంది బావా, ఇప్పుడు నువ్వు చూస్తున్నావు అన్నాడు బామ్మర్ది, చెంపలు తుడుచుకోను కూడా లేదు, రాకాసి లేచి ఒంటరిగా సముద్రంలోకి నడిచింది, మెడ వరకు, తల వరకు, తర్వాత నీళ్లు, ప్రతి అడుగూ చెప్పాడు, చెబుతుంటేనే అవి కనిపించాయి, ఆ నలభై పెట్టెల్లో ఒక్క బొమ్మ ముఖం కూడా ఇలా చూడలేదు కదా అనుకున్నాడు.

పేర్లు పైకి ఎక్కుతున్నాయి, జనం లేస్తున్నారు, ఇంకా ఏం కనిపిస్తోంది బావా, పేర్లురా, అన్నాడు, అక్కడ ఆగితే సరిపోయేది, గొంతు ఆగలేదు, గోదాము, అన్నాడు, తలుపు తీసి ఉంది, నేల పొడిగా ఉంది, చినుకు కూడా పడలేదు, రబ్బరు కరిగించేవాడి బండి వెనక్కి వస్తోంది, నలభై పెట్టెలూ నేనే ఎక్కిస్తున్నాను, నువ్వు పెళ్లిలో ఉన్నావు, బండి వెళ్లిపోయింది, ఇప్పుడు బకెట్లతో నీళ్లు తెచ్చి నేనే పోస్తున్నాను, మూలమూలకీ, నువ్వొచ్చి తాకి చూసేది ఆ నీళ్లనే.

చొక్కా మీది చెయ్యి వదిలేసింది, ఊడ్చేవాళ్లు వచ్చారు, ముందు వరుసల్లో సీట్లు టపటపా మడుచుకుంటున్నాయి, తిడతాడు, తిట్టనీ, అక్కకు చెబుతాడు, చెప్పనీ, బామ్మర్ది తెరవైపే ముఖం పెట్టి, ఆఖరి పెట్టెకు మూత ఉందా బావా అన్నాడు, లేదురా, ఊడిపోయింది, పైన ఏం కనిపిస్తోంది, ముళ్లతోక, బొమ్మ ఎలా ఉంది, బోర్లా, ముఖం కనిపించలేదు, అంటే, నేనే చూడలేదురా, ఊఁ, అన్నాడు బామ్మర్ది, ఆ ఊఁలో క్షమించడమూ లేదు, కోపమూ లేదు, వినడం ఉంది, తర్వాత చెప్పు అన్నట్టుగా, అప్పుడు తేలింది వ్యాపారికి, ముప్ఫై ఏళ్లలో దుకాణం వచ్చింది, ఇల్లు వచ్చింది, వాటిని ఎవరికైనా చూపించగలడు, వాటితోపాటు చూసింది చూసినట్టు చెబితే వినే మనిషి ఒకడు దొరికాడు, వాడు మొదటి రోజు నుంచీ పక్కనే ఉన్నాడు, చెప్పడం మాత్రం తను ఇవాళే మొదలుపెట్టాడు.