అరవై ఒక్క సొట్టలు

నేను ఒక కారును. పొగ వదలను, చప్పుడు చెయ్యను, కరెంటు తాగి నడుస్తాను. ఒంటి మీద అరవై ఒక్క సొట్టలున్నాయి. ఆ లెక్క నాది కాదు. పెళ్ళయిన నలభయ్యో రోజున, గోళ్ళ చివర మాత్రమే గోరింటాకు ఎరుపు మిగిలిన ఒక పిల్ల ఒక్కో సొట్టనూ వేలితో తాకి పైకే లెక్కపెట్టింది.

అదంతా అయిదేళ్ళ కిందటి మాట. ఇప్పుడు నాకు అలసటగా ఉంది. రోజుకు ఎనభై కిలోమీటర్లు, ఎండాకాలం జగిత్యాల రోడ్ల వేడి, మూడో ఏడు నుంచి నిలవకుండా కారిపోతున్న బ్యాటరీ. మనుషులకు మోకాళ్ళు నొస్తాయంటారు. నాకు ఎక్కడ నొస్తుందో చెప్పుకోవడానికి మోకాళ్ళు కూడా లేవు. ఓపిక ఉన్నప్పుడే నా సంగతి చెప్పేస్తాను.

నేను పుట్టింది దూరాన ఒక ఫ్యాక్టరీలో. యంత్రాల చేతులు నన్ను అతికాయి, నీలం రంగు పూశాయి. చివర తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఒకాయన ట్యూబులైట్ల వరస కింద నన్ను నిలబెట్టి, ఎక్కడైనా గీత పడిందేమోనని వంగి వంగి చూశాడు. గీత లేదు. సంతకం పెట్టాడు. నాలో ఏ లోపమూ లేదని ఒక మనిషి ఒప్పుకున్నది ఆ ఒక్క రోజే.

తర్వాత లారీ మీద నాలుగు రోజుల ప్రయాణం. కరీంనగర్ బయట ఒక షోరూమ్ వాళ్ళ ఖాళీ స్థలంలో దించారు. అటు పక్క మామిడితోట, ఇటు పక్క రేకుల షెడ్డు. షెడ్డులో చోటు లేదని మమ్మల్ని ఇరవై మందిని ఆకాశం కింద వదిలేశారు. మార్చి నెల. ఒక మధ్యాహ్నం ఎండ ఉన్నట్టుండి పసుపుపచ్చగా మారింది, గాలి ఆగిపోయింది. ఆ తర్వాత రాళ్ళు పడ్డాయి. నిమ్మకాయంత మంచురాళ్ళు. పావుగంట సేపు నా మీద ఎవరో సన్నాయి లేని డోలు వాయించినట్టు వాయించారు. వాన వెలిశాక తోటలో పిందెలన్నీ నేల మీదున్నాయి. రైతు గట్టు మీద కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నా కోసం ఏడ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఇన్సూరెన్సు ఆయన వచ్చి ఫోటోలు తీసుకుపోయాడు.

అప్పుడు దొరికింది నాకు షెడ్డులో చోటు. దెబ్బ తగలకముందు లేని నీడ దెబ్బ తగిలాక ఇవ్వడం మనుషుల పద్ధతి కాబోలు.

ఆ షెడ్డులో నాలుగు నెలలు నిలబడ్డాను. సేల్స్ కుర్రాడు నన్ను చూపించేటప్పుడు ఎప్పుడూ ఒకటే మాటతో మొదలుపెట్టేవాడు: "బండి కొత్తదే సార్, కాకపోతే..." ఆ 'కాకపోతే' నా పేరయిపోయింది. వచ్చినవాళ్ళు ధర విని మురిసిపోయేవాళ్ళు, దగ్గరికి వచ్చి మొహం చిట్లించేవాళ్ళు. ఒకాయన, "ఎవరినన్న గుద్దిందా?" అని అనుమానంగా చూశాడు. ఇంకొకాయన టార్చి తెచ్చుకుని, ఎవరికీ కనబడని సొట్టలు మరో ఎనిమిది వెదికి పట్టుకుని, వాటికి కూడా ధర తగ్గించమన్నాడు. ఆ ఎనిమిదీ దీపం నీడలని తేలాక కోపం వచ్చి వెళ్ళిపోయాడు. నా అలసట ఈ అయిదేళ్ళది కాదేమో, అక్కడే మొదలైందేమో. నడవడం కంటే, నిలబడి వద్దనిపించుకోవడం ఎక్కువ బరువు.

అట్లాంటి రోజుల్లో వచ్చారు రంజిత్, సౌజన్య. రంజిత్‌ది జగిత్యాల కరెంటాఫీసులో ఉద్యోగం. సౌజన్య ధర్మపురి దాటి లోపలికున్న ఒక గురుకుల జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఆ ఊరికి రోజుకు రెండే బస్సులు. పొద్దున్న బస్సు క్లాసు అయ్యాక చేరుతుంది, సాయంత్రం బస్సు క్లాసు అవ్వకముందే బయల్దేరుతుంది. కారు కొనకపోతే సౌజన్య సోమవారం నుంచి శనివారం దాకా కాలేజీ హాస్టల్లో ఉండాలి. కొత్త పెళ్ళికూతురు ఆదివారం ఆదివారం చుట్టంలా రావాలి. సొట్టల్లేని కారు వాళ్ళకు అందదు. వాళ్ళకున్నది నేనే.

సౌజన్య నా బానెట్ మీద చెయ్యి వేసి ఒక్కసారిగా నవ్వింది.

"రంజిత్, ఇటు చూడు! దీనికి సొట్టబుగ్గలున్నయ్!"

"ఒంటి నిండ బుగ్గలేనా?" అన్నాడు రంజిత్.

ఆ పిల్ల అప్పుడు మొదలుపెట్టింది లెక్క. అరవై ఒకటి దగ్గర ఆగి, బహుమతి గెలిచినట్టు చప్పట్లు కొట్టింది. నాలుగు నెలల్లో నన్ను చూసి సంతోషపడ్డ మొదటి మనిషి. నాకు నమ్మకం కలగలేదు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు కరెంటు స్తంభాన్ని చూసి కూడా సంతోషపడతారు.

సేల్స్ కుర్రాడు, "రంగు ఎక్కడా లేవలేదు మేడమ్. బ్యాటరీకి, మోటారుకు ఏం కాలే. పదిరోజులు నడిపి చూడండి. వద్దనుకుంటే పదో రోజు, వచ్చే శనివారం పొద్దుగాల, తెచ్చి ఇచ్చేయండి. నంబరు పడేలోపయితే వాపసు తీసుకుంటం," అన్నాడు.

బయటికి వచ్చాక రంజిత్ మెల్లగా అడిగాడు. "అమ్మకు ఏం చెప్దాం?"

"కారు తెచ్చినమని చెప్దాం. సొట్టలు తెచ్చినమని ఎందుకు చెప్తం?"

రంజిత్ వాళ్ళమ్మ పేరు బాలలక్ష్మి. భర్త పోయాక ఒక్కతే స్టీలు సామాన్ల దుకాణం నడిపి కొడుకును చదివించిన మనిషి. కింద దుకాణం, పైన ఇల్లు. చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా బిందెలు, గంగాళాలు, పళ్ళేలు ఆమె దగ్గరే కొంటారు. కొన్న ప్రతి సామాను మీదా చిన్న మిషనుతో, చుక్క చుక్కగా, పేరు, పెళ్ళి తేదీ ఆమే స్వయంగా చెక్కి ఇస్తుంది. గల్లాపెట్టె వెనక గోడకు ఒక బోర్డు: "పేరు చెక్కిన సామాను వాపసు తీసుకోబడదు." వాకిట్లో ఒక గంప. దారిలో దెబ్బతిన్న గిన్నెలు అందులో పడేసి తక్కువకు అమ్మేస్తుంది. ఆ వీధిలో దాన్ని సొట్టల గంప అంటారు.

ఇంతటి మనిషి కళ్ళు కప్పడానికి సౌజన్య వేసిన ఎత్తు నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. వాహన పూజ రోజు తెల్లారకముందే లేచి, గిన్నెడు పసుపు కలిపి, ప్రతి సొట్టలోనూ పసుపు పూసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. అరవై ఒక్క బొట్లు. బోనం కుండలా తయారయ్యాను.

"ఇన్ని బొట్లేందమ్మా?" అన్నాడు పంతులు.

"మా నిర్మల్ దిక్కు గిట్లనే పెడ్తరు పంతులుగారూ," అంది ఆ పిల్ల, కన్నార్పకుండా.

బాలలక్ష్మి పొంగిపోయింది. పక్క దుకాణం ఆమెను పిలిచి మరీ చూపించింది. "గడపకు పెట్టినట్టు పెట్టింది సూడు నా కోడలు! ఎంత ఓపికనో!" నిమ్మకాయలు తొక్కాను, కొబ్బరికాయ పగిలింది, గుమ్మడికాయతో దిష్టి తీశారు. నాకు తగలాల్సిన దిష్టి ఆకాశం నుంచి ఎప్పుడో తగిలిందని ఎవరికి చెప్పను?

మర్నాడు పొద్దున బాలలక్ష్మి తడిగుడ్డ తీసుకుని నన్ను తుడవడానికి వచ్చింది. ముప్పై ఏళ్ళు గిన్నెలు తుడిచిన చెయ్యి అది. బానెట్ మీద మొదటి బొట్టు దగ్గరే ఆగింది. రెండోది తుడిచింది. మూడోది. వేలి కణుపుతో టంగుమని కొట్టి, చెవి ఆనించి విన్నది. నాకు సేల్స్ కుర్రాడి 'కాకపోతే' మళ్ళీ వినబడింది.

"సౌజన్యా! ఇటు రా బిడ్డా. గీ బొట్లు మీ దిక్కు ఆచారమా?"

సౌజన్య తల దించుకుంది. రంజిత్ మెట్లు దిగుతూ అందుకున్నాడు. "రాళ్ళవాన అమ్మా. నడిచేదానికి ఏం కాలే."

"నడిచేదాని సంగతి ఎవలడిగిండ్రు? కొత్త సంసారంలకు మొదటి సామాను సొట్టది తెస్తార్రా? ముప్పై ఏండ్ల సంది పెండ్లి సామాన్లు అమ్ముతున్న. ఒక్క పిల్ల ఎంబడి సొట్ట గిన్నె పంపలే. నా ఇంటికే అచ్చిందా?"

"మన వాకిట్లనే సొట్టల గంప ఉంది కదా అత్తమ్మా," అంది సౌజన్య మెల్లగా.

"అది అమ్మేటానికి. ఉంచుకునేటానికి కాదు."

ఆ మాటతో అయిపోయింది. శనివారం నన్ను వాపసు ఇచ్చెయ్యాలి. సౌజన్య ఎదురు చెప్పలేదు. "అట్లయితే అదే రోజు హాస్టల్ల దిగుత అత్తమ్మా. ఆదివారాలు వస్త," అని మాత్రం అంది.

మిగిలిన ఆ వారం నన్ను నడిపింది. తిరిగి ఇచ్చేసేదాన్ని అంత ప్రేమగా ఎందుకు నడపాలో నాకు అర్థం కాలేదు. దారిలో జామకాయలు కొని పక్క సీట్లో పెట్టి, వాటికి సీటు బెల్టు వేసేది. గోదావరి కనబడిన ప్రతిసారీ కొత్తగా చూసినట్టు "అబ్బ!" అనేది. సాయంత్రం అయిదున్నరకు ఇంటి ముందు ఆగగానే రెండుసార్లు హారన్ కొట్టేది. దుకాణం మెట్ల మీద ముగ్గురూ చాయ తాగేవాళ్ళు. బాలలక్ష్మి నా వంక చూసేది కాదు. కాని మేము వీధి మలుపు తిరిగేసరికే ఆమె చూపు రోడ్డు మీద ఉండేది. అది నేను గమనించానని ఆమెకు తెలియదు.

గురువారం సాయంత్రం ఒక ఆమె గంపలోంచి ఒక బిందె తీసి, "గిది కారుతదా బాలవ్వా?" అని అడిగింది.

"సొట్టకు నీళ్ళు కారుతయా? చిల్లుకు కారుతయి. సొట్ట కండ్లకే కనవడ్తది బిడ్డా, నీళ్ళకు తెల్వది. పట్కపో."

అని తల తిప్పి నన్ను చూసింది. వెంటనే చూపు మళ్ళించుకుని చిల్లర వెదుక్కుంది.

శనివారం తెల్లవారింది. పైన సూట్‌కేసు సర్దుతున్న చప్పుడు. బాలలక్ష్మి కిందికి దిగి షటరు సగం లేపింది. కోడలు హాస్టలుకు పోతూ ఉత్తచేతుల్తో పోకూడదు కదా. అరల్లోంచి మంచి సామాను ఏరి తీసింది. ఒక పళ్ళెం. ఒక గ్లాసు. ఒక గిన్నె. ఒక టిఫిను డబ్బా. వరసగా పీట మీద పెట్టి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని మిషను ఆన్ చేసింది. 'సౌ' అయింది. 'జ' అయింది. మిషను ఆగింది.

వాకిట్లోంచి నాకు అన్నీ కనబడుతున్నాయి. ఆమె పీట మీది సామాను వైపు చూస్తూ ఉండిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఆ పీట మీద పెళ్ళి సామాన్లు జంటలుగానే కూర్చున్నాయి. ఒక్క పళ్ళెం, ఒక్క గ్లాసు ఆమె ఎప్పుడూ చెక్కి ఉండదు. చెక్కినా, అది తన కోసమే అయి ఉంటుంది, మొగుడు పోయిన ఏడు.

లేచింది. మేకుకు తగిలించిన నా తాళం తీసింది. మిషను వైరు వాకిలి దాకా రాలేదు. విసుక్కుంటూ లోపలికెళ్ళి పొడుగు వైరు పెట్టె తెచ్చి తగిలించింది. నా ముందు తలుపు తెరిచి, కాలు పెట్టే చోట గడపలా ఉన్న స్టీలు పట్టీని వేలితో రుద్ది, "ఇదొక్కటి మంచి స్టీలే ఏసిండ్రు," అని గొణుక్కుని, నేల మీద చతికిలబడింది.

తర్వాత సూది దిగింది. రాళ్ళ దెబ్బలు తిన్నదాన్ని, సూదికి బెదరను. కాని ఆ చుక్కలు వేరు. రాళ్ళు ఎవరి మీద పడుతున్నాయో చూసుకోలేదు. ఈ చుక్కలు చూసుకుని, ఊపిరి బిగబట్టి, ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి.

వాళ్ళిద్దరూ సూట్‌కేసుతో దిగేసరికి ఆమె లేచి చీర దులుపుకుంటోంది. సౌజన్య తెరిచి ఉన్న తలుపు దగ్గర వంగి చదివింది. "సౌజన్య, రంజిత్. అత్తమ్మ బాలలక్ష్మి ఇచ్చినది." కింద పెళ్ళి తేదీ.

డబ్బు కట్టింది వాళ్ళు, ఇచ్చినట్టు చెక్కుకున్నది ఈమె. మనుషుల లెక్కలు నేను ఇక పట్టించుకోను.

"ఏంటిదమ్మా! ఇయ్యాల వాపసియ్యాలె కదా!" అన్నాడు రంజిత్.

"ఎట్లిస్తవురా? పేరు చెక్కినంక వాపసు ఉంటదా? దుకాణపోని కొడుకువు, బోర్డు సదువుకోలేదా?"

సౌజన్య సూట్‌కేసు కింద పెట్టింది. ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. బాలలక్ష్మి చెంగుతో ఆ పిల్ల మొహం తుడిచి, "జరుగు, గడప తొక్కుతున్నవ్," అని కసిరింది.

అంతే నా కథ. ఆ 'సౌజ' పళ్ళెం ఎవరికీ అమ్మలేదు. ఇప్పుడు దాంట్లో మూడేళ్ళ మనవరాలు అన్నం చిమ్ముతుంది. నా చార్జింగు ఇప్పుడు కాలేజీకి వెళ్ళి వచ్చేసరికి అడుగంటుతుంది. చక్రాలు మూలుగుతాయి. కొత్త కారు చూద్దామని రంజిత్ అప్పుడప్పుడూ అంటాడు, దుకాణంలోంచి వచ్చే చూపు చూసి ఊరుకుంటాడు.

మొన్న మార్చిలో మళ్ళీ ఎండ పసుపుపచ్చగా మారింది, గాలి ఆగింది. నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఇంకో ఇరవై పడితే పడ్డాయనుకున్నాను. తొలి రాయి పడేలోపు బాలలక్ష్మి ఇంట్లో ఉన్న బొంతలన్నీ మోసుకుని పరుగెత్తుకొచ్చింది. వాకిట్లో పరిచిన కొత్త బిందెలు వాన పాలయ్యాయి. ఆమె అటు చూడలేదు. నా మీద ఒకదాని మీద ఒకటి బొంతలు కప్పి, అంచులు బిగించి పట్టుకుని నెత్తిన గంప బోర్లించుకుని నిలబడింది.

"ఉన్నయి సాలు," అంది, నాతోనో, ఆకాశంతోనో.

లోపల చీకటిగా, వెచ్చగా ఉంది. చాలా రోజుల తర్వాత కాసేపు నిద్రపోయాను.