కూతురి కాళ్ళు, తండ్రి మిషన్

పొద్దున్నే కూతురు మందుల షాపు సంచి భుజాన తగిలించుకుని సైకిలెక్కగానే, ఇక్కడ టైలర్ తన కాళ్ళు మిషన్ పెడల్ మీద పెట్టుకుని కూర్చునేవాడు. పెట్టుకోవడమంటే మీరూ నేనూ పెట్టుకున్నట్టు కాదు. షుగరు జబ్బుతో మోకాళ్ళ కింద చచ్చుబడిపోయిన కాళ్ళాయె. ఒక్కోదాన్నీ రెండు చేతులతో ఎత్తి, నిద్రపోతున్న పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాలి. పెట్టి, సూదిలో దారం ఎక్కించి, ఎదురుచూసేవాడు. అక్కడ కూతురు వంతెన దాటి పెద్దరోడ్డెక్కేసరికి కుడికాలి చిటికెనవేలు మొద్దుబారేది. కాసేపటికి పాదమంతా. ఇక్కడ టైలర్ కుడికాలి చిటికెనవేలు కదిలేది. కాసేపటికి పాదమంతా. రెండో కాలు కూడా వచ్చేసిందంటే ఇంకేముంది, మిషన్ టకటకమని అందుకునేది.

వీధిలో అందరికీ తెలిసిన సంగతే ఇది. చొక్కా కోసం వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే "అమ్మాయి బయల్దేరిందా?" అని అడిగేవాళ్ళు. లేదంటే చిన్న పనేదో చూసుకుని మళ్ళీ వచ్చేవాళ్ళు. ఆ పిల్ల ఏ మేడ ముందో సైకిల్ దిగి, మందులివ్వడానికి మెట్లెక్కిందంటే కాళ్ళు దాని దగ్గరికి వెళ్ళిపోయేవి, ఇక్కడ కుట్టు సగంలో ఆగిపోయేది. "దిగినట్టుంది," అనేది గుండీలు కుట్టుకుంటున్న టైలర్ భార్య, తలైనా ఎత్తకుండా. ఆ కాస్త సేపట్లో ఆయన నీళ్ళు తాగేవాడు.

ఇలా ఏ గొడవా లేకుండా జరిగిపోతుంటే పోటీ వచ్చిపడింది.

ఊరి సైకిల్ జట్టులో ఒక్క చోటు ఖాళీ అయింది. కొండ మీదికి పందెం పెట్టి, ముందొచ్చినవాళ్ళను తీసుకుంటారట. టైలర్ కూతురికి చిన్నప్పట్నుంచీ ఆ జట్టంటే పిచ్చి. వాళ్ళు రోడ్డు మీద బారుగా పోతుంటే చేతిలో పని వదిలేసి నోరు తెరుచుకుని చూసేది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది కాబట్టి ఈసారి చోటు రాకపోతే ఇక లేదు.

టైలర్ బావమరిది సైకిల్ మెకానిక్. జేబులో ఎప్పుడూ పానా ఉంటుందని అందరూ ఆయన్ను పానా అనే పిలుస్తారు. పందెం మాట చెవిన పడగానే ఆయన తన షాపు మూసేసి వచ్చి, మేనకోడల్ని మిషన్ పక్కనే బల్ల మీద కూలేశాడు.

"ఏ కాలు ముందు మొద్దుబారుతుందే?"

"కుడిది మామయ్యా."

"సీటు ఎత్తు ఎక్కువైంది, దించుతా. నువ్వేమో మునివేళ్ళతో పొడుస్తున్నావు. పాదం ఇంకాస్త ముందుకు జరిపి తొక్కు. మడమ కూడా దించాలి. మధ్యమధ్యలో వేళ్ళు ఆడిస్తూ ఉండు. ఏదీ, ఆ బూటు ఇలా ఇవ్వు."

అమ్మాయి కాళ్ళు బల్ల కిందికి లాక్కుంది. పానా వదిలితే కదా! వంగి, బూటు ఊడబీకి, తిరగేసి చూశాడు.

"ఇదేంటే, ఇది నీ సైజేనా? బడిపిల్లలది!"

"షాపులో ఇవే ఉన్నాయి."

"నా దగ్గరా నీ కోతలు? ఆ లేసులు చూడు, పీక పిసికినట్టు బిగించావు. కాలు మొద్దుబారక నాట్యం చేస్తుందా?"

అమ్మాయి ఓరగా మిషన్ వైపు చూసింది. ఆ చూపుతో టైలర్‌కు అంతా అర్థమైపోయింది. చేతిలో కత్తెర పక్కన పెట్టేశాడు.

"నాకోసమా?"

"స్కూళ్ళు తెరిచే రోజులు కదా నాన్నా. సరైన బూట్లు వేసుకుంటే మధ్యాహ్నం దాకా తిమ్మిరే ఎక్కట్లేదు. యూనిఫారాలు ఆలస్యమవుతాయని..."

ఆయనకు ముందు కోపమొచ్చింది, వెనకాలే ఏడుపొచ్చింది. "నీ కాళ్ళు నలిపేసుకుని నాకు పంపుతున్నావా! నేనేమో ఇక్కడ కూనిరాగాలు తీసుకుంటూ కుట్టేస్తున్నా! సిగ్గుండాలి!" అని అరిచాడు. సిగ్గు ఎవరికుండాలో తెలియక పానా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"పందెం నాడు నీ కాళ్ళు నీ దగ్గరే ఉండాలి. ఒక్క వేలు ఇటొచ్చిందో, ఊరుకోను!"

"మరి ఆ తర్వాతో?" అంది భార్య మెల్లగా.

అమ్మాయి జట్టులో చేరితే మంచి సైకిలు, కొలిచి చేయించిన బూట్లు. తిమ్మిరన్న మాటే ఉండదు. ఇక్కడ మిషన్ తిరగదు. ఆ సంగతి గదిలో నలుగురికీ తెలుసు.

"చేతికుట్టు కుట్టుకుంటా," అన్నాడు టైలర్. "చేతులు బానే ఉన్నాయిగా."

పందెం నాడు పానా కొనిచ్చిన కొత్త బూట్లు తొడుక్కుని అమ్మాయి వెళ్ళింది, వీధి వీధంతా టైలర్ కొట్లోనే ఉంది. టైలర్ తన కాళ్ళను మిషన్‌కు దూరంగా స్టూలు మీద చాపుకుని, పైన దుప్పటి కూడా కప్పేశాడు, పొరపాటున కూడా పిల్ల కాళ్ళు ఇటు రాకుండా. ఫోను మిషన్ బల్ల మీద పెట్టారు. అందులోంచి పానా గొంతు కొట్టు పైకప్పు లేపేస్తోంది. ఎవరిదో మోటారు సైకిలు వెనక కూర్చుని పందెం వెంటే పోతున్నాడు మహానుభావుడు.

"బయల్దేరారు బావా! ఏం తొక్కుతోందో! నువ్వు చూడాల్సింది!"

"కాళ్ళెలా ఉన్నాయి?"

"బ్రహ్మాండం! రోడ్డు మీద ప్రతి గులకరాయీ అరికాలికి తెలుస్తోందట! అరిచి మరీ చెప్పింది!"

కొట్లో చప్పట్లు. టైలర్ దుప్పటి కింద కాళ్ళు చూసుకున్నాడు. కదల్లేదు. హమ్మయ్య అనుకున్నాడు. గుండెలో ఓ మూల కలుక్కుమంది కూడా, ఎందుకు దాచాలి? అయినా హమ్మయ్యే అనుకున్నాడు.

"ఇద్దర్ని దాటేసింది! ఇంకొకణ్ణి! ఓరి నాయనో, ముందు ఒక్కడే ఉన్నాడు! చివరి ఎత్తు ఎక్కుతున్నారు... ఎక్కుతు... అయ్యో! బావా! అయ్యయ్యో!"

"ఏమైందిరా?"

"పిక్కలు పట్టేశాయి! రెండూ! కాలు ముందుకు పడట్లేదు! ఆగిపోయేట్టుంది!"

టైలర్ దుప్పటి విసిరేశాడు. కుర్చీ మిషన్ దగ్గరికి ఈడ్చుకుని, కాళ్ళు ఒక్కోటీ ఎత్తి పెడల్ మీద పడేశాడు. భార్య చెయ్యి పట్టుకుంది. "ఏం చేస్తున్నారు? ఆ ఉన్న కాస్తా ఇటొచ్చేస్తే?"

"రానివ్వను. ఇన్నాళ్ళూ అట్నుంచి ఇటొచ్చాయి కదా, దారంటూ ఉన్నట్టే కదా! ఈసారి నావి పంపుతా."

మోకాళ్ళ మీద అరచేతులు ఆనించి, బలమంతా పెట్టి నొక్కాడు. పెడల్ కిర్రుమంది. "పదండి మొద్దుల్లారా! నా పిల్ల అక్కడ నడిరోడ్డు మీద ఉంది, పదండి!" అని తిట్టాడు. ఇంకోసారి నొక్కాడు. ఇంకోసారి. చెమట కళ్ళల్లోకి కారింది. చక్రం సగం తిరిగి వెనక్కి వచ్చింది. మళ్ళీ సగం. మళ్ళీ.

ఉన్నట్టుండి ఆయన కాళ్ళకు ఎత్తు తగిలింది. కొండ ఎత్తు! కొత్త బూటు లోపలి మెత్తదనం, కింద సైకిల్ పెడల్, ఎదురుగాలికి చల్లబడుతున్న చెమట, అన్నీ తగిలాయి. చేతులు మోకాళ్ళ మీంచి జారిపోయాయి. కాళ్ళు వాటంతటవే మడమా వేలూ, మడమా వేలూ అంటూ తొక్కుతున్నాయి.

"కదిలింది!" ఫోను అదిరిపోయింది. "కదిలింది బావా! ఇదేం తొక్కుడు బాబూ, ఎక్కడో చూసినట్టుందే... బావోయ్! నీ తొక్కుడే ఇది! చొక్కా పొడుగు కుట్టు కుట్టినట్టు పోతోంది!"

"మాట్లాడకు, రోడ్డు చెప్పు!"

"మలుపు! చివర్న మలుపు! కంకర! ముందున్నోడు పక్కకు జారిపోతున్నాడు!"

మలుపంటే టైలర్‌కు తెలీనిదా? కాలరు మొన దగ్గర ఏం చేస్తాడో అదే చేశాడు. వేగం తగ్గించి, చక్రం మీద చెయ్యి వేసి, సూది దిగినచోటే ఇలా తిరిగి, మళ్ళీ అందుకున్నాడు. టకటకటకటక!

"దాటేసింది! గీత దాటేసింది! మనదే! అక్కా, మనదే!" తర్వాత పానా ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఎవరికీ తెలియలేదు. కొట్లో జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కేకలు. టైలర్ భార్య కొంగులో గుండీలన్నీ నేల మీద దొర్లాయి.

కాసేపటికి ఫోన్లోకి అమ్మాయి వచ్చింది. ఆయాసపడుతోంది. "నాన్నా! తీసుకున్నారు! జట్టులో తీసుకున్నారు!"

"బంగారు తల్లీ! కాళ్ళెలా ఉన్నాయమ్మా?"

"బానే ఉన్నాయి నాన్నా. బూట్లు విప్పేసి గడ్డి మీద కూర్చున్నా. చల్లగా తగులుతోంది. పది వేళ్ళూ నా దగ్గరే ఉన్నాయి. నాన్నా, వెనకాల ఆ చప్పుడేంటి?"

కొట్లో కేకలు ఒక్కొక్కటే తగ్గాయి. మిషన్ తిరుగుతూనే ఉంది. గుడ్డ లేదు, దారం ఎప్పుడో తెగిపోయింది, అయినా తిరుగుతోంది. టైలర్ కిందికి చూశాడు. అరికాళ్ళ కింద ఇనప పెడల్ చల్లగా, గరుగ్గా తగులుతోంది.

"నేను దిగిపోయా కదా నాన్నా. మరి ఎవరు తొక్కుతున్నారు?"

టైలర్ ఫోను దగ్గరికి వంగాడు.

"నేనేనమ్మా," అన్నాడు. "నేనే."